రచన ఎవరిదో చెప్పాకే పాట

కుముదిని మీద నా కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు. లక్ష్మీప్రసాద్ గారి మీద కోపమైతే చల్లార్చుకునే ఉద్దేశమే నాకు లేదు. ఈ రెండు కోపాలకూ మధ్య ఒక పధ్నాలుగేళ్ళ పిల్ల ఉంది, ఆ పిల్ల కట్టిన పాట ఒకటి ఉంది. ముందు కుముదిని ఎవరో చెప్పాలి. ఆమె గురించి ఎవరూ రాయరు గనక నేనే రాస్తున్నాను.

భిలాయిలో, రిసాలి పేటలో మా తెలుగు సంఘం వాళ్ళ సంగీత పాఠశాల ఉంది. ముందు గదిలో గాత్రం, పక్క గదిలో కీబోర్డు. వెనకవైపు కూలర్ లేని మూడో గదిలో ఆదివారం ఉదయం కుముదిని క్లాసు. తలుపు మీద ‘సంగీత శాస్త్రం, చరిత్ర, రచన’ అని రాసి ఉంటుంది. పిల్లలు దాన్ని థియరీ అంటారు. తల్లులు చప్పట్ల క్లాసు అంటారు. ఎందుకంటే అక్కడ చేరిన పిల్ల మూడు నెలలపాటు తొడ మీద తాళం వేయడం తప్ప మరొకటి చేయదు. పాట ఎప్పుడు నేర్పుతారని ఏ తల్లయినా అడిగితే, “మీ అమ్మాయి ఇంకా నిలబడ్డం నేర్చుకుంటోందమ్మా, పరిగెత్తడం తర్వాత చూద్దాం” అని కుముదిని మొహం మీదే చెప్పేస్తుంది. తరువాతి ఆదివారానికి ఆ పిల్ల కీబోర్డు గదిలో కనిపిస్తుంది.

నేను ఆ క్లాసులో వెనక బల్ల మీద కూర్చుంటాను. మనవరాలు పండును దించడానికి వచ్చానని చెప్పుకుంటాను గానీ, పండు ఎప్పుడో బ్యాడ్మింటన్‌కు మారిపోయింది. వెల్లుల్లిపాయలు ఒలుచుకుంటూ కూర్చుంటే నన్ను ఎవరూ లేవమనరు.

కుముదిని పుట్టింది భిలాయిలోనే. తండ్రి బొబ్బిలి దగ్గర పల్లె నుంచి ఇక్కడి ఉక్కు ప్లాంటు కోక్ ఓవెన్స్‌లో పనికి వచ్చినవాడు. బడి చదువంతా హిందీలో సాగింది. వేసవి సెలవుల్లో రైలెక్కి విజయనగరంలో మేనత్త ఇంటికి వెళ్ళి వీణ నేర్చుకుంది. ఇక్కడ నలుగురిలో వాయిస్తే, “బాగుంది, సినిమా పాట ఏదైనా వాయించమ్మా” అన్నారట. ఆ రోజు మొదలైన కోపం ఇప్పటికి ఆమెకు యాభై దాటినా పోలేదు. పొద్దున్నే పాట పెట్టుకుని వచ్చే చెత్త బండి డ్రైవర్‌తో ఆమె రోడ్డు మీద గొడవ పడడం నేను చూశాను. పాటను చరణం మధ్యలో ఆపేస్తున్నాడని, ఆపితే పల్లవి దగ్గర ఆపమని గొడవ. మా ఇంటి కాలింగ్ బెల్లులో ఆఖరి స్వరం దిగిపోతుందని దాన్ని నొక్కడం మానేసి గేటు కొడుతుంది. ఆమె భర్త శశిధర్ దుర్గ్ కోర్టులో గుమస్తా. ఇంట్లో ఈల వేయడం కూడా మానేశాడు పాపం.

ఆమె క్లాసులో ఒక పద్ధతి ఉంది. పాడబోయే ముందు పిల్లలు నిటారుగా కూర్చుని మూడు సంగతులు చెప్పాలి. రాగం ఏది, తాళం ఏది, రచన ఎవరిది. ఇది అన్ని చోట్లా ఉన్నదే. కానీ మూడింటిలో ఏ ఒక్కటి తప్పు చెప్పినా కుముదిని తల ఎత్తకుండా “మళ్ళీ” అంటుంది. కేకలేయదు, సరైనదేదో చెప్పదు. “మళ్ళీ.” పిల్ల ఆలోచించుకుని మొదటి నుంచి చెప్పాలి. సరిగ్గా వచ్చేదాకా పాట మొదలుకాదు. ఒకసారి ఒక పిల్ల తడబడుతూ ఉంటే గంట మోగిపోయింది. ఆ రోజు ఆ క్లాసులో పాటే లేదు.

దంపుడు పాటల్లాంటివి పాడేటప్పుడు మాత్రం ‘కట్టినవారి పేరు మనకు దక్కలేదు’ అని చెప్పిస్తుంది. ఆ ‘దక్కలేదు’ అన్న చోట ఆమె మొహం చూడాలి. చరిత్ర పాఠం అంతా ఆ మొహంతోనే చెబుతుంది.

“పాట కట్టినోళ్ళు చాలామంది రాయలేదర్రా. పాడీసి ఊరుకున్నారు. పక్కనున్న శిష్యుడు తాటాకు మీద గీసుకున్నాడు. ఇప్పుడు మనం ఎవరి పేరు చెప్తాం?”

“కట్టినవాళ్ళది, మేడమ్.”

“గీసినవాడిది ఎందుకు చెప్పం?”

“వాడు సిర్ఫ్ కాపీ చేశాడు కదా మేడమ్, అంతే.”

ఇలా అన్న పిల్లే శ్రీవిద్య. మా వీధి చివరి ఇంట్లో ఉంటుంది. తాత గురునాథరావు బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేసి రిటైరయ్యి, మూడేళ్ళ కిందట పోయాడు. నానమ్మ నూకమ్మ ఉంది. తండ్రి మురళీధర్ ప్లాంటులో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. శ్రీవిద్య ఇంట్లో నానమ్మతో తెలుగు, బయట అందరితో హిందీ మాట్లాడుతుంది. తెలుగు అక్షరాలు రావు. తెలుగు మాటలన్నీ హిందీ అక్షరాల్లో రాసుకుంటుంది. ఇక్కడ పుట్టిన పిల్లల్లో సగంమంది అంతే.

కుముదిని రచన పాఠం ఎలా మొదలుపెడుతుందంటే, పిల్లల్ని ఇంటికి పోయి ఒక మాట పట్టుకు రమ్మంటుంది. పుస్తకంలో మాట కాదు, ఇంట్లోవాళ్ళు అనే మాట. అది అనేటప్పుడు గొంతు ఎక్కడ పైకి లేస్తుంది, ఎక్కడ దిగుతుంది అని వినాలి. ఆ ఎత్తుపల్లాలను స్వరాల్లోకి తేవాలి. ఒక పిల్లవాడు ‘గ్యాస్ కట్టెయ్’ అన్న మాట పట్టుకొచ్చాడు. శ్రీవిద్య నానమ్మ మాట పట్టుకొచ్చింది.

ప్లాంటులో వేడి స్లాగ్, అంటే ఇనుము కరిగించాక మిగిలే మడ్డి, పారబోసినప్పుడు రాత్రిపూట ఆకాశం ఎర్రబడడం భిలాయి వాళ్ళందరికీ తెలుసు. మొగుడు డ్యూటీలో ఉండగా అలా ఎర్రబడితే, నూకమ్మ పెరట్లోకి వచ్చి మబ్బుతో మాట్లాడేది. ఆయన పోయాక కూడా మానలేదు. ఆ మాటను పట్టుకుని శ్రీవిద్య ఆభోగి రాగంలో, మిశ్రచాపు తాళంలో ఒక పాట కట్టింది.

ఏటి మబ్బూ ఎర్రబడ్డావ్
మావ బాగున్నాడ సెప్పూ

ఇదీ పల్లవి. మూడు, నాలుగు, మూడు, నాలుగు. వేలితో తొడ మీద వేసుకుంటే ఒక్క అక్షరం అటూ ఇటూ కాదు. మొదటిసారి పాడిన రోజు నా చేతిలో వెల్లుల్లిపాయ అలాగే ఉండిపోయింది. కుముదిని మెచ్చుకోలేదు. “రెండో చరణంలో ధైవతం మీద అంతసేపు కూర్చున్నావ్, అక్కడ నీకేటి పని?” అని అడిగింది. ఆమె ఇలా దెప్పిందంటే పాట బాగుందనే. బాగోకపోతే అసలు ఏమీ అనదు.

సంఘం అధ్యక్షుడు లక్ష్మీప్రసాద్ గారు వరండాలో నడుస్తూ ఈ పాట విన్నారు. పెద్ద ఆఫీసరుగా రిటైరైన మనిషి. మాట మెత్తన, చొక్కా తెల్లన. వార్షికోత్సవంలో దీన్ని పిల్లలందరి చేత పాడిద్దాం అన్నారు. శ్రీవిద్య ఆ రోజు ఇంటికి నడవలేదు, ఎగురుకుంటూ వెళ్ళింది. పాట తన పేరుతో స్టేజీ ఎక్కుతోందని వీధిలో కనిపించిన వాళ్ళందరికీ హిందీలోనూ తెలుగులోనూ చెప్పింది.

వారం తరువాత ఆయన కాగితాలు పట్టుకుని క్లాసుకు వచ్చారు. పిల్లలకు పంచారు. తెలుగు అక్షరాలు రాని పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అప్పుడు ఆయనే చదివి వినిపించారు. “ఏల మేఘమా అరుణిమ దాల్చితివి, నా నాథుడు క్షేమమేనా.”

నేను ఇంకో పాటేమో అనుకున్నాను.

“చిన్న చిన్న సవరణలు చేశాను కుముదినిగారూ.”

“ఇది తాళంలో పడదు సార్.”

“పడేలా పాడించండి. అందుకే కదా మీరున్నారు.”

“అసలు ‘ఏటి’ ఏం పాపం చేసింది సార్?”

“వేదిక మీద ఏటి ఏంటమ్మా? రాయపూర్ నుంచి అతిథులొస్తున్నారు. నవ్విపోతారు.”

“వాళ్ళు తెలుగోళ్ళేటి బాబూ?” అని వెనక నుంచి నేనడిగాను.

“కాదు.”

“అయితే ఏటన్నా ఏలన్నా ఆళ్ళకొకటే కదా.”

పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన నా వైపు చూసి, ఈవిడ ఏ క్లాసు విద్యార్థిని అన్నట్టు కుముదినిని చూశారు. కుముదిని కళ్ళు కాగితం అడుగున ఆగిపోయి ఉన్నాయి.

“కింద మీ పేరుంది సార్.”

“ఉంటుంది మరి. తెలుగు రాయడం రాని పిల్ల తెలుగు పాట రాసిందంటే ఎవరు నమ్ముతారు? అమ్మాయి రాసింది హిందీ అక్షరాల్లో. దాన్ని తెలుగులో రాసింది నేను. తప్పులు దిద్దింది నేను.” ఆయన దొంగతనం చేస్తున్నట్టు మాట్లాడలేదు. ఉపకారం చేసినట్టు మాట్లాడారు. నాకు మంట పుట్టింది అక్కడే. “అమ్మాయికి సర్టిఫికెట్ ఇద్దాం, ప్రధాన గాయని అని.”

“తాటాకు మీద రాసినవాడి పేరు చెప్పకూడదని వీళ్ళకి నేనే చెప్పాను సార్.”

“చరిత్ర పాఠాలు పిల్లలకు చెప్పండి. ఈ గది కీబోర్డు వాళ్ళకిచ్చేద్దామని కమిటీలో ఇప్పటికే మాట వచ్చింది. నేనే ఆపుతున్నాను.”

చెత్త బండి వాడితో రోడ్డు మీద కొట్లాడే కుముదిని అప్పుడు నోరు విప్పుతుందనుకున్నాను. విప్పలేదు. “మాటలు మాత్రం మార్చను సార్, తాళం పోతుంది” అని ఊరుకుంది. పేరు గురించి ఒక్క ముక్క అనలేదు. శ్రీవిద్య ఆమె మొహంలోకే చూస్తోంది. కుముదిని డస్టరు తీసుకుని, శుభ్రంగా ఉన్న బోర్డును తుడిచింది.

ఆ సాయంత్రం నూకమ్మ ఇంటికి వెళ్ళాను. ఏం జరుగుతోందో తెలుసుకోకుండా ఉండడం నా వల్ల కాదు. మురళీధర్ అప్పటికే కూతురికి చెప్పేశాడు, స్టేజీ మీద లక్ష్మీప్రసాద్ గారి పేరే చెప్పమని.

“ఆయన అల్లుడి కంపెనీలోనే కదత్తా నా పని. ఒక్క పేరు కోసం గొడవెందుకు. పాటనెవడూ ఎత్తుకుపోడు కదా.”

“ఎత్తుకుపోయాడు కదరా ఇప్పుడే” అన్నాను.

“ఛోడో నా అత్తా, వదిలెయ్. అది చిన్నపిల్ల. బోలెడు పాటలు కట్టుకుంటాది.”

నూకమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండా అంది. “నీకు పేరెట్టినప్పుడు మీ నాన్న కూడా అలగే అనుండాల్సింది. బోలెడుమంది పుడతారు, ఈడికెందుకులే అని.”

మురళీధర్ సైకిల్ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. శ్రీవిద్య లోపలి గదిలో తలుపు వేసుకుంది. తలుపు వెనక నుంచి తొడ మీద తాళం వేస్తున్న చప్పుడు వస్తుందేమోనని విన్నాను. రాలేదు.

వార్షికోత్సవం రోజు సంఘం హాలు నిండిపోయింది. ముందు వరసలో అతిథులు, దండలు, లక్ష్మీప్రసాద్ గారి తెల్ల చొక్కా. స్తంభం పక్కన మురళీధర్. నూకమ్మా నేనూ మూడో వరసలో కూర్చున్నాం. స్టేజీ మీద పిల్లలు రెండు వరసలుగా మఠం వేసుకుని కూర్చున్నారు. కుముదిని ఒక పక్కగా శ్రుతిపెట్టె ముందు కూర్చుంది. మైకు శ్రీవిద్య ముందుంది.

“రాగం ఆభోగి. తాళం మిశ్రచాపు. రచన, శ్రీ లక్ష్మీప్రసాద్ గారు.”

ముందు వరస చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఆగాక, క్లాసులో వినిపించినట్టే వినిపించింది.

“మళ్ళీ.”

కుముదిని తల ఎత్తలేదు. హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. క్లాసు పిల్లలకు మాత్రం అర్థమైంది. ఒక్కొక్కరి వీపు నిటారుగా అయింది. శ్రీవిద్య మొహం పాలిపోయింది. మళ్ళీ అదే చెప్పింది, ఈసారి గొంతు సన్నగా.

“మళ్ళీ.”

నాకు అప్పుడు లేచి స్టేజీ ఎక్కి కుముదిని చెంప పగలగొట్టాలనిపించింది. అనాల్సినప్పుడు అనని మనిషి, అనాల్సినవాడిని అనని మనిషి, నాలుగువందల మంది ముందు ఒక చిన్నపిల్లను పట్టుకుని మళ్ళీ మళ్ళీ అంటోంది. ఆ పిల్ల స్తంభం వైపు చూసింది. మురళీధర్ తన చెప్పులు చూసుకుంటున్నాడు. లక్ష్మీప్రసాద్ గారు నవ్వు చెదరకుండా, కానివ్వండి అన్నట్టు చెయ్యి ఊపారు.

అప్పుడు నా పక్క కుర్చీ కిర్రుమంది. నూకమ్మ లేచి నిలబడింది.

“సెప్పవే. మబ్బుని అడిగింది నాను, పాట కట్టింది నువ్వు. మద్దిలో ఈ బాబెవరు?”

వెనక వరసల్లో నవ్వులు లేచాయి. శ్రీవిద్య నవ్వలేదు. మైకును రెండు చేతులతో పట్టుకుంది. “రాగం ఆభోగి. తాళం మిశ్రచాపు. రచన...” అని ఆగి, “మేరీ హై” అంది. మళ్ళీ తెలుగులో, “నాది” అంది.

కుముదిని శ్రుతిపెట్టె నాదం పెంచింది. పిల్లల చేతులు తాళానికి పైకి లేచాయి. పాట మొదలుకావాలి. లక్ష్మీప్రసాద్ గారు మైకులు చూసే అతనికి సైగ చేశారు. మైకు చచ్చిపోయింది. సమయాభావం వల్ల తరువాతి అంశం నృత్యం అని ప్రకటించారు. పిల్లల చేతులు ఇంకా గాలిలో ఉండగానే తెర పడింది.

నేను స్టేజీ వెనక్కి వెళ్ళాను. నీళ్ళ డ్రమ్ము దగ్గర కుముదిని ఒక్కతే నిలబడి ఉంది.

“సిగ్గులేదేటే నీకు? ఆ పసిదాని పీక మీద కాలేసి నిజం సెప్పించావు. ఆ వేళ ఆ పెద్దమనిషి ముందు నీ నోరేమైపోయింది?”

ఆమె గ్లాసు నిండేదాకా ఆగింది. “ఆయన్ని ‘మళ్ళీ’ అనలేకపోయాను పిన్నీ. గది పోద్దనుకున్నాను. పిల్లనైతే అనగలను. అందుకే అన్నాను.” గ్లాసు తాగకుండా డ్రమ్ము మీద పెట్టేసింది. “తప్పే. తప్పు పేరు విని ఎలా ఊరుకోవాలో నాకు తెలీదు.”

తప్పని ఒప్పుకున్నంత మాత్రాన నా కోపం తీరలేదు. క్షమించమని నన్నడిగి లాభమేముంది, పిల్లనడగాలి. అడగమన్నాను. మర్నాడు కుముదిని నూకమ్మ ఇంటికి వెళ్ళింది. శ్రీవిద్య గదిలో నుంచి బయటికి రాలేదు. మురళీధర్ కూతురి చేత క్లాసు మాన్పించేశాడు. తమాషా ఏమిటంటే, ఆ కంపెనీలో అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. ఏదో అవుతుందని భయపడడమే గానీ ఏమీ కాలేదు. ఈ సంగతి తెలిశాక నాకు మరింత ఒళ్ళు మండింది.

నెల తిరక్కుండా సంఘం సర్వసభ్య సమావేశం పెట్టారు. నేను సభ్యురాలినే, ముందు కుర్చీలోనే కూర్చున్నాను. మూడో గది కీబోర్డుకు ఇస్తున్నామని లక్ష్మీప్రసాద్ గారు చదివారు. థియరీకి ఆదరణ లేదట. తరువాత, మొన్న జరిగిన చిన్న అపశ్రుతికి చింతిస్తున్నామని, ఆ పాటను ఉగాదికి సంఘం తరఫున పాడిస్తామని అన్నారు. “మా పిల్ల ఏదో అనుకుంది, నేను దాన్ని పాటగా మలిచాను. ఇందులో నాదీ తనదీ అని ఏముంది, సంఘం పాట.”

“మళ్ళీ చెప్పండి.”

కుముదిని చివరి వరసలో నిలబడి ఉంది.

“ఏంటమ్మా?”

“రచన తప్పు చెప్పారు సార్. మొదటి నుంచి మళ్ళీ చెప్పండి.”

“మీరు కూర్చోండి.”

“మళ్ళీ.”

ఆయన ఫైలు మూసి, ఇదేమన్నా తరగతి గదా అన్నారు. ఆమె “మళ్ళీ” అంది. సమావేశం ముగిసిందని ఆయన లేచి వెళ్ళిపోయారు. కార్యవర్గం ఆయన వెనకే వెళ్ళింది. కుముదిని శ్రుతిపెట్టె, సుద్దముక్కలు, గోడకు ఉన్న రాగాల పటం తీసుకుని ఆ పూటే గది ఖాళీ చేసింది.

ఇదంతా నేను నూకమ్మ వాకిట్లో, కావాలనే గొంతు పెంచి, చెప్పాను. లోపలి తలుపు తెరుచుకుంది. “ఆయన్ను ‘మళ్ళీ’ అందా? మేడమ్ అన్నదా? సచ్చీ?” అని శ్రీవిద్య మూడుసార్లు అడిగింది.

ఇప్పుడు క్లాసు నూకమ్మ వరండాలో జరుగుతోంది. మురళీధర్ మొదట వద్దన్నాడు. “ఈ క్వార్టరు లీజు నా పేర నున్నాది. నచ్చకపోతే నువ్వు సంఘం హాల్లో పడుకో” అని నూకమ్మ తేల్చేసింది. ఆదివారం డ్యూటీ నుంచి వచ్చి అతను గేటు దగ్గరే నిలబడిపోతాడు. వరండా నిండా పిల్లలుంటారు, దాటి లోపలికి పోవడానికి దారి ఉండదు. పిల్లలు మూడు సంగతులూ చెప్పి పాట అయ్యేదాకా అలా నిలబడాల్సిందే. నిలబడనీ అని నేను జరగను.

కుముదినితో శ్రీవిద్య ఇంకా మునుపటిలా లేదు. అడిగినదానికి జవాబు చెబుతుంది, అంతే. కుముదిని కూడా బతిమాలదు. రెండో చరణం ఇంకా బాగు చేయాలని వాదించుకుంటూ ఉంటారు.

లక్ష్మీప్రసాద్ గారు ఉగాది ముందు మనిషిని పంపారు, పిల్లల్ని పంపమని. పేరు ఎవరిదని చెబుతారని కుముదిని అడిగింది. వచ్చినవాడు కనుక్కుని చెబుతానని వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. నూకమ్మ వరండాలో పాట ప్రతి ఆదివారం వినిపిస్తుంది. సంఘం హాల్లో మాత్రం అది ఇంకా మొదలుకాలేదు. చెప్పవలసిన మనిషి సరిగ్గా చెప్పలేదు.